బావగారి ఆదివారం ఫోను

అదెలీనో ఫుర్తాదో కోసిన కర్టెన్లు అమెరికాలో ఎన్ని కిటికీలకు వేలాడుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి. ఫాల్ రివర్ ఊళ్లో కొండవాలు మీద ఉన్న పాత రాతిమిల్లులో గుడ్డని దొంతరలుగా పేర్చి, కరెంటు కత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క తీరున కోసేవాడు. గీత వెంట్రుకవాసి కూడా తప్పేది కాదు. అలాంటి మిల్లుని ఆ ఏడాది వసంతంలో, ఒక శుక్రవారం సాయంత్రం మూసేశారు. యజమాని చేతులు నలుపుకుంటూ వచ్చి, పనంతా సముద్రం దాటిపోయిందని చెప్పి, మనిషికో ఉప్పుపెట్టిన పంది తొడ చేతిలో పెట్టి సాగనంపాడు.

"ముప్పై ఏళ్ల చాకిరీకి ఒక పంది కాలు," అంది ఒతీలియా ఇంటికి నడిచొస్తుంటే. "ఇంకో ముప్పై ఏళ్లు చేసుంటే రెండో కాలు కూడా ఇచ్చేవాడు బావా. తొందరపడి ముసలాడివైపోయావు."

ఒతీలియా అదెలీనో భార్య లూర్దిస్‌కి చెల్లెలు. అదే మిల్లులో కుట్టుమిషను మీద పనిచేసేది. ఆఖరి ఆర్డర్లకి అంచులు కుట్టాలని ఆమెని ఇంకొన్నాళ్లు ఉంచి, ఆ తర్వాత ఆమెనీ పంపేశారు, ఈసారి పంది కాలు కూడా లేకుండా. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. మూడంతస్తుల చెక్క ఇంట్లో అక్కాబావలు కింద, ఆమె వాళ్ల నెత్తిమీద. ఆమెకి భగవంతుడిచ్చిన పనులు రెండు: ఒకటి గుడ్డ కుట్టడం, రెండోది బావని ఆటపట్టించడం. మొదటిది మిల్లువాళ్లు లాగేసుకునేసరికి ఉన్న తీరికంతా రెండోదానికే పెట్టింది.

నిరుద్యోగ భృతి కావాలంటే ప్రతి ఆదివారం ఆఫీసు వాళ్ల నంబరుకి ఫోను చెయ్యాలి. అక్కడ మనుషులుండరు, మిషను గొంతు ఉంటుంది. ఇంగ్లీషుకి ఒకటి, స్పానిషుకి రెండు, పోర్చుగీసుకి మూడు నొక్కమంటుంది. అదెలీనో మూడు నొక్కేవాడు. అవతలినుంచి రాజధాని లిస్బన్ యాసలో, పట్టుచీర కట్టుకున్నట్టు మాట్లాడే ఒక ఆడగొంతు వచ్చేది. పోర్చుగల్‌కి దూరంగా, సముద్రం మధ్యనున్న సావ్ మిగెల్ దీవిలో ఆవులు కాసుకుంటూ పెరిగిన అదెలీనోకి ఆ యాస అంటే చిన్నప్పటినుంచీ బెదురు. స్కూలు టీచరు, తాసిల్దారు, పెద్దచర్చి ఫాదరు, అందరూ అలాగే మాట్లాడేవాళ్లు మరి. అందుకని శుభ్రంగా గడ్డం గీసుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఫోను చేసేవాడు.

"గడ్డం దేనికి బావా? ఆవిడకి నువ్వు కనపడతావా?" అనేది ఒతీలియా.

"నీకేం తెలుసు, ఊరుకో. ప్రశ్న వినపడట్లేదు."

ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఈ వారం పని చెయ్యగలిగే స్థితిలో ఉన్నారా? పని కోసం వెతికారా? ఎవరైనా పని ఇస్తే కాదన్నారా? ఏమైనా సంపాదించారా? ప్రతి ప్రశ్నకీ ఔననో కాదనో ఒక బటన్ నొక్కాలి. అదెలీనో ప్రతిసారీ కాసేపు ఆలోచించి మరీ నొక్కేవాడు, పాప నివేదన చేస్తున్నట్టు.

"పనిస్తే కాదన్నారా అంటే ఔనని నొక్కు బావా," అనేది ఒతీలియా వెనకనుంచి. "మొన్న అక్క వంటింటికి రంగు వెయ్యమంటే నడుం పట్టేసిందన్నావు. గవర్నమెంటుతో అబద్ధమాడితే జైల్లో పెడతారు."

"లూర్దిస్, నీ చెల్లెల్ని పైకి పంపెయ్!"

"అక్కా, ఇక్కడ బావ ఎవరో ఆడమనిషితో గుసగుసలాడుతున్నాడు. ప్రతి ఆదివారం ఇదే తంతు. నువ్వేమో వంటింట్లో కేల్ ఆకుకూర తరుగుతూ కూర్చో."

లూర్దిస్ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "ఆవిడెవరో వంట చేసి పెడతానంటే ఇవాళే పంపించేస్తా," అనేది.

రాష్ట్రం ఇచ్చే భృతికి ఒక గడువుంది. ఆకులు రాలే కాలానికి అదెలీనో గడువు అయిపోయింది. ఆ సంగతి కాగితం మీద రాసి పంపిస్తే, దాన్ని సూపు గిన్నె పక్కన పెట్టుకుని, అన్నం మానేసి కూర్చున్నాడు. ఒతీలియా కిందికి దిగొచ్చి, కాగితం చదివి, పక్కన పడేసింది.

"దీనికా ఈ ఏడుపు మొహం? ఇది కింది అంతస్తు బావా. మన ఇల్లే అనుకో. కింది అంతస్తు రాష్ట్రానిది, అది అయిపోయింది. దానిమీద వాషింగ్టన్ వాళ్లు అంతస్తులు కట్టారు. కాలం బాగాలేదని పొడిగింపులు ఇస్తున్నారు. ఒకటి అయిపోగానే ఇంకోటి. మన రాష్ట్రంలాగా పనుల్లేనిచోట అన్నిటికన్నా పైన ఒక అటక కూడా ఉందిట."

"దరఖాస్తు పెట్టాలా?"

"దరఖాస్తూ లేదు, దణ్ణమూ లేదు. నువ్వు ఆదివారం మీ ఆవిడతో మాట్లాడ్డం మానకు. వాళ్లే నిన్ను పై అంతస్తుకి ఎక్కిస్తారు."

"మీ ఆవిడంటే నేనా?" అంది లూర్దిస్.

"నువ్వు కాదక్కా. రెండో ఆవిడ."

అదెలీనోకి నమ్మకం కుదరలేదు. ఉచితంగా వచ్చేదేదైనా తర్వాత పన్నులాగా తిరిగొస్తుందని అతని నమ్మకం. అయినా ఫోను చేశాడు. ఒతీలియా చెప్పినట్టే మొదటి పొడిగింపు వచ్చింది. చలికాలంలో ఇంకోటి ఎక్కాడు. చలికాలం వెళ్లిపోతుండగా వాషింగ్టన్ వాళ్లు తగువులాడుకుని కొన్నాళ్లు పొడిగింపు చట్టానికి తాళం వేసి, మళ్లీ తీశారు. ఏప్రిల్‌లోనూ అదే కథ. ఒతీలియా దాన్ని కూడా విడమరిచి చెప్పింది.

"తాళం వేసినప్పుడు నువ్వు ఏ అంతస్తులో ఉంటే అందులో ఉండొచ్చు. మిగిలింది తినొచ్చు. కానీ మెట్లెక్కి పైకి పోవడానికి లేదు. మెట్ల తలుపు మూసేస్తారు."

"మరి సరిగ్గా అప్పుడే కింది అంతస్తు అయిపోయినవాడు?"

"వాడు మెట్లమీద కూర్చుంటాడు బావా. గడ్డం గీసుకుని."

జూన్ మొదటి వారంలో చట్టం గడువు మళ్లీ ముగిసింది. ఈసారి తగువు పెద్దదైంది. పైగా ఆ వారంలోనే అదెలీనో ఉన్న అంతస్తు అయిపోయింది. మెట్లమీద కూర్చునేవాడు తనే అయ్యాడు. ఒతీలియాకి ఇంకా చాలా వారాలు మిగిలున్నాయి, అంచులు కుట్టిన పుణ్యమా అని.

అదే సమయానికి స్కూళ్లు మూశారు. లూర్దిస్ స్కూలు వంటింట్లో పనిచేసేది. వేసవిలో జీతం ఉండదు. సెప్టెంబరులో మళ్లీ పిలుస్తారు కాబట్టి వాళ్లకి నిరుద్యోగ భృతి కూడా ఇవ్వరు. ఏటా ఆ రెండు నెలలూ అదెలీనో సంపాదన మీదే గడిచేవి. ఈసారి ఇద్దరూ ఇంట్లోనే. ఒకరి కాళ్లకి ఒకరు అడ్డం తగులుతూ తిరుగుతున్నారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఒతీలియా మామూలుగా, "ఫోను చేశావా బావా?" అంది.

అదెలీనో చెంచా కింద పెట్టాడు. "చెయ్యలేదు. చెయ్యను కూడా."

"అదేంటి?"

"వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు. మూసిన తలుపు ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడే గతి నాకింకా పట్టలేదు. మా నాన్న ఆవుపేడ ఎత్తాడు గానీ ఎవడి గుమ్మంలోనూ అడుక్కోలేదు."

"మీ నాన్న గొడవ ఇప్పుడెందుకు? చూడు, చట్టం ఆగింది, చచ్చిపోలేదు. ఇవాళ కాకపోతే రేపు తీస్తారు. తీసినప్పుడు మూసున్న వారాలకి కూడా కలిపి ఇస్తారు. కానీ ఎవరికి? ఆ వారాల్లో ఫోను మానకుండా చేసినవాళ్లకి. మొన్న మార్చిలో అలాగే కదా అయింది."

"ఇయ్యనివ్వు. నాకొద్దు."

"అక్కా, నువ్వైనా చెప్పు!"

లూర్దిస్ రొట్టె ముక్క సూపులో ముంచుకుంటూ, "నేను చెబితే ఈ ఇంట్లో ఎవరు విన్నారు?" అంది. "పెళ్లిచూపుల నాడే ఆ నల్ల బూట్లు వేసుకోవద్దని చెప్పించా. వేసుకునే వచ్చాడు."

అలా అక్కాచెల్లెళ్లిద్దరి ముందూ ప్రతిజ్ఞ చేసేశాడు. మాట మీద నిలబడే మనిషని అదెలీనోకి పోర్చుగీసు వాళ్ల క్లబ్బులో పేరు. ఆ పేరు తనే పెట్టుకున్నాడని కొందరంటారు.

తర్వాతి ఆదివారం అక్కాచెల్లెళ్లు చర్చికి బయల్దేరారు. మోకాలు సలుపుతోందని అదెలీనో ఇంట్లో ఉండిపోయాడు. వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, మోకాలు కుదుటపడింది. గబగబా గడ్డం గీసుకుని, తీగలేని ఫోను చంకన పెట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. హాల్లో చేస్తే మూడో అంతస్తులో అద్దెకున్నవాళ్లకి వినపడి, అట్నుంచి ఒతీలియాకి చేరుతుందని భయం. కింద వైను పీపాల మధ్య ఫోను గుర్రుగుర్రుమంటోంది. ఒక పీపా ఎక్కి, ఒకప్పుడు బొగ్గు దింపే చిన్న కిటికీ దగ్గర తల పెడితేగానీ గొంతు స్పష్టంగా రాలేదు. అలా సగం వంగి నిలబడి మూడు నొక్కాడు.

"ఈ వారం మీరు పని చెయ్యగలిగే స్థితిలో ఉన్నారా?" అంది లిస్బన్ ఆవిడ.

ఎందుకు చేశాడంటే అతను చెప్పలేడు. వేసవి ఎలా గడుస్తుందన్న భయం ఉంది, నిజమే. అదొక్కటే కాదు. మిల్లు మూసినప్పటినుంచీ అతన్ని ఎవరూ ఏమీ అడగడం మానేశారు. క్లబ్బులో పాత స్నేహితులు బేస్‌బాల్ గురించే అడుగుతారు. పని కోసం వెళ్లినచోట వయసు మాత్రం అడుగుతారు. నువ్వు పని చెయ్యగలవా అని వారానికోసారి, మర్యాదగా, మీరు అని పిలిచి అడిగేది లోకంలో ఆవిడ ఒక్కతే. ఔను అని నొక్కడం అతనికి బాగుండేది. డబ్బు రాదని తెలిసినా బాగుండేది.

అంతా అయ్యాక ఆవిడ ఇప్పుడు చెల్లించడానికి ఏమీ లేదని చెప్పింది. అదెలీనో ఆ మిషనుకి థాంక్స్ చెప్పి, పీపా దిగి, పైన అడుగుల చప్పుడు వినపడేసరికి ఫోనుని ద్రాక్షపళ్లు కోసే బుట్టలో దాచేసి, మెట్లెక్కి, కుంటుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ఫోనేది?" అంది లూర్దిస్ సాయంత్రం.

"నాకేం తెలుసు?"

ఆ పై వారం ఫోను ఉల్లిపాయల సంచిలో దొరికింది. ఆ పై వారం ఇస్త్రీ బట్టల కింద.

ఒతీలియాకి ఈలోగా కొలంబియా వీధిలో ఉన్న బేకరీలో పని దొరికింది. వేసవి వస్తే చాలు, ఒక్కో చర్చి వాళ్లదీ ఒక్కో వారం పవిత్రాత్మ పండగ. పండగంటే తియ్యరొట్టెలు, వందల కొద్దీ. పిండి కలపడానికి, పిసకడానికి చేతులు కావాలి. తెల్లారకముందే వెళ్లి, మోచేతుల దాకా పిండితో, గుడ్ల వాసనతో, నిమ్మతొక్క వాసనతో తిరిగొచ్చేది. అలిసిపోయినా ఆదివారం మాత్రం తప్పకుండా కిందికి దిగేది, బావకి క్లాసు పీకడానికి.

"ఫోను చేశావా బావా?"

"చెయ్యనన్నానుగా."

"నీ మొండితనం తగలెయ్య. నీ కోసం మొక్కుకున్నా తెలుసా? బావకి బుద్ధొస్తే పండగ ఊరేగింపులో పవిత్రాత్మ కిరీటం ముందు దీపం పట్టుకుని నడుస్తానని."

"అయితే నీకు నడిచే పని లేదులే."

ఆమె నిట్టూర్చి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయేది. అదెలీనో కిటికీలోంచి చూస్తూ, మీసాల్లో నవ్వుకునేవాడు. ఇన్నేళ్లలో మరదలి మీద పైచెయ్యి దొరకడం ఇదే మొదలు. దాన్ని ఎప్పుడు బయటపెట్టాలా అని లోపల లెక్కలేసుకుంటూ, బయటపెడితే తన మాట తప్పినట్టవుతుందని దిగమింగుకుంటూ, ఒక రకమైన సుఖమైన బాధలో ఉన్నాడు.

జూలై నెలాఖరులో వాషింగ్టన్ వాళ్లకి తగువులాడి విసుగొచ్చింది. పొడిగింపు చట్టం తిరిగొచ్చింది. మూసున్న వారాలకి కూడా కలిపి చెల్లిస్తామని టీవీలో చెప్పారు. లూర్దిస్ టీవీ ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది.

"మా చెల్లెలు చెప్పింది, అక్షరాలా అలాగే అయింది. నువ్వు విన్నావు కాదు," అని ఇంకొక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. తిడితే బాగుండుననిపించింది అదెలీనోకి. నోరు తెరిచి, మూసి, ద్రాక్షపందిరికి నీళ్లు పెట్టడానికి పెరట్లోకి పోయాడు. ఆ రోజు ద్రాక్షతీగకి దాహం తీరి, ఇంకా తీరి, పెరడంతా బురదైంది.

కొద్దిరోజుల తర్వాత లూర్దిస్ బ్యాంకుకి వెళ్లి, పరుగులాంటి నడకతో వగరుస్తూ తిరిగొచ్చింది.

"ఏమయ్యా! కోటు వేసుకో. బ్యాంకుకి పోదాం."

"ఏమైంది?"

"మన ఖాతాలో ఎవరిదో డబ్బు పడింది. బ్యాంకువాడి పొరపాటు. ఎవడో పాపం, ఎంత కష్టంలో ఉన్నాడో. తిరిగిచ్చేసి వద్దాం, లేకపోతే మనల్ని దొంగలంటారు."

"తిరిగివ్వక్కర్లేదు."

"అదేం మాట? దేవుడికి భయపడు!"

"లూర్దిస్... అది మనదే."

"మనకెక్కడిది?"

అదెలీనో గోడ మీది మేరీమాత పటం వైపు చూశాడు. అక్కడ సాయం దొరక్క, "ఫోను చేశాను," అన్నాడు నెమ్మదిగా. "ప్రతి ఆదివారం. కింద. పీపా ఎక్కి."

లూర్దిస్ మొహంలో లెక్కలు కలుస్తున్నాయి: ద్రాక్ష బుట్ట, ఉల్లిపాయల సంచి, ఇస్త్రీ బట్టలు. ఉన్నట్టుండి చేతిసంచీతో అతని భుజమ్మీద ఒకటేసింది.

"నాకు మతిమరుపు రోగం వచ్చిందనుకున్నానయ్యా! ఫోను ఎక్కడ పెడుతున్నానో తెలీక, మా అమ్మకి వచ్చినట్టే నాకూ వస్తోందని, ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నా! పవిత్రాత్మ ముందు ఏడ్చా కూడా!"

ఇంకోటి కొట్టింది. తర్వాత నవ్వడం మొదలెట్టి, ఆపుకోలేక, కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "పీపా ఎక్కా? ఈ వయసులో? పడుంటేనో?" అని మళ్లీ నవ్వింది.

"మీ చెల్లెలికి చెప్పకు."

"చెప్పకపోవడమా? చూస్తూ ఉండు. నడు పైకి."

ఒతీలియా పొయ్యి దగ్గర నిలబడి చోరీసు అనే పందిమాంసం సాసేజి ముక్కలు వేయిస్తోంది. లూర్దిస్ కథంతా చెప్పింది, పీపా దగ్గర కాస్త నటించి మరీ చూపించింది. అదెలీనో గుమ్మంలో తలొంచుకుని నిలబడి, పడబోయే ఎత్తిపొడుపులకి వీపు సిద్ధం చేసుకున్నాడు.

"మంచిది బావా," అంది ఒతీలియా. "మంచి పని చేశావు." పాన్‌లో ముక్కలు తిరగేసింది.

అంతే. ఇంకేమీ లేదు. అదెలీనోకి భయం వేసింది. మరదలు మర్యాదగా మాట్లాడ్డం అతనికి అలవాటు లేదు.

"నీకు కూడా పడిందిగా?" అన్నాడు.

ఆమె పొయ్యి మంట తగ్గించింది.

"ఒతీలియా?"

"చెయ్యలేదు."

"ఏం చెయ్యలేదు?"

"ఫోను, బావా! ఫోను చెయ్యలేదు!" గరిటె పొయ్యి మీద పడేసింది. "బేకరీలో చేరిన మొదటి ఆదివారం చేశా. పని చేశానని నిజమే నొక్కా. ఆ తర్వాత వారం ఒళ్లు హూనమై పడుకుండిపోయా. సంపాదించుకుంటున్నాను కదా, ఇప్పుడెందుకులే, పని అయిపోయాక చేద్దాంలే అనుకున్నా. పండగలు తగ్గి బేకరీవాడు ఇక రావద్దన్నాక చేస్తే, ఖాతా మూసేశామంది నీ లిస్బన్ ముండ. రెండుసార్లు చేశా. రెండుసార్లూ అదే మాట."

"మరి నాకు ప్రతి ఆదివారం వచ్చి..."

"నీకు చెప్పాను. చెప్పడం తేలికేగా."

లూర్దిస్ వెళ్లి చెల్లెలి భుజం చుట్టూ చెయ్యేసింది. అదెలీనో నాలుక మీదికి బ్రహ్మాండమైన మాట ఒకటి వచ్చి కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన మాట. ఒతీలియా చేతులు చూశాడు. పిండి పిసికి పిసికి వేళ్ల కణుపులు ఉబ్బిపోయున్నాయి. మాట మింగాడు. పూర్తిగా మింగుడుపడలేదు, సగం బయటికొచ్చింది.

"రేపు పొద్దున్నే ఆఫీసుకి తీసుకెళ్తా. గడ్డం మాత్రం నువ్వే గీసుకోవాలి."

ఒతీలియా ముక్కు చీదుతూ, "ఛీ పో," అంది. కాస్త ప్రాణం వచ్చింది గొంతులో.

మర్నాడు ఆఫీసులో సగం ఊరుంది. మిల్లువాళ్లు, చేపల గోదాముల వాళ్లు, కట్టడం పనివాళ్లు. చాలాసేపటికి పిలుపొచ్చింది. బల్ల వెనక ఒక సన్నటి, పొడుగాటి ఆవిడ కూర్చుంది. ఎదర బిళ్ల మీద మిస్ కింటాల్ అని రాసుంది.

అదెలీనో మరదలి చెవిలో, "పేరేమో కింటాల్. మనిషి పది కిలోలు తూగదు," అన్నాడు.

"నేను పోర్చుగీసు దాన్నే అయ్యా," అంది ఆవిడ తలెత్తకుండా. "చెప్పండి."

అదెలీనో చెవులు ఎర్రబడ్డాయి. ఒతీలియా చెప్పబోయి, వేళ్లు నలుపుకుంటూ ఉండిపోయింది. అందరికీ పాఠాలు చెప్పిన మనిషికి తన తప్పు తనే చెప్పుకోడం రావట్లేదు. అప్పుడు అదెలీనో, "మా మరదలు బేకరీలో పని దొరికిందని ఫోను చెయ్యడం మానేసిందమ్మా. దొంగబుద్ధితో కాదు, నిజాయితీ ఎక్కువై. అంతా పోయిందని భయపడుతోంది," అన్నాడు.

మిస్ కింటాల్ కంప్యూటర్‌లో చూసింది. "బేకరీలో రోజంతా పనేనా?"

"రోజంతా, కొన్నిసార్లు రాత్రి కూడా," అంది ఒతీలియా.

"అయితే ఆ వారాలకి మీరు ఫోను చేసినా డబ్బు రాదు. సంపాదన ఉంది కదా. అందులో మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు. పని ఆగాక గడిచిన ఒకటి రెండు వారాలు మాత్రం ఆలస్యమైంది. వాటికి కారణం రాసివ్వండి, పైవాళ్లు చూస్తారు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఖాతా ఇవాళే తెరుస్తాను."

"మరి పోయిన పొడిగింపు?"

"ఎక్కడికి పోతుంది? వాడుకోని వారాలు మీ పేరు మీదే ఉంటాయి. మీ అంతస్తులో మీ... అదే, మీ పొడిగింపులో ఇంకా చాలా మిగిలుంది." మిస్ కింటాల్ మొదటిసారి నవ్వింది. "అంతస్తులని చెప్పేది మీరేనా? వారం నుంచి కొలంబియా వీధి వాళ్లందరూ వచ్చి నన్ను అటక గురించి అడుగుతున్నారు."

ఒతీలియా నిటారుగా కూర్చుంది. "అంటే మా బావకన్నా నాకే ఎక్కువ మిగిలుందా?"

"వారి సంగతి నాకు తెలీదు. ఆయన మానకుండా తీసుకుంటూ ఉంటే, ఔను, మీకే ఎక్కువ."

"విన్నావా బావా? నువ్వు పీపాలెక్కి, దొంగలా దాక్కుని చేస్తే నీకు తక్కువ. నేను హాయిగా పడుకుని నిద్రపోతే నాకు ఎక్కువ!"

"కానీ ఒకటి," అంది మిస్ కింటాల్. "ఈ చట్టం కూడా శీతాకాలం వరకే. ఆ తర్వాత మళ్లీ తలుపు మూసినా మూస్తారు. మెట్లమీద ఎవరుంటారో నేను చెప్పలేను. వచ్చే వారం నుంచి ఫోను మానకండి. పని దొరికినా సరే, చేసి చెప్పండి."

కారణం రాయడానికి కాగితం ఇచ్చింది. అలిసిపోయి నిద్రపోయాను అని ఒతీలియా రాస్తే, అది బాగోదని అదెలీనో, అంతకన్నా మంచి కారణం నీకు తోస్తే నువ్వే రాయమని ఆమె, ఆ బల్ల దగ్గరే వాదులాడుకున్నారు. వెనక వరసలో ఉన్నవాళ్లు దగ్గారు. చివరికి నిద్రపోయాననే రాసింది. పైవాళ్లు ఒక వారానికి ఒప్పుకుని, ఇంకో వారానికి కాదన్నారు. ఏ నిద్ర న్యాయమైందో, ఏది కాదో ఎవరికీ అర్థం కాలేదు.

ఆగస్టు పండగలో ఒతీలియా దీపం పట్టుకుని ఊరేగింపులో నడిచింది. బావకి బుద్ధొచ్చినట్టా, ముందునుంచే ఉన్నట్టా అని ఫాదరుని అడిగితే, మొక్కు మొక్కే, నడవమన్నాడుట. దారి పొడుగునా బావని తిట్టుకుంటూనే నడిచిందని లూర్దిస్ చెప్పింది.

భృతి తీసుకునేవాళ్లు ప్రతి వారం కొన్నిచోట్ల పని అడగాలి. అడిగినచోట్లు రాసుకోవాలి. అదెలీనో చాలావరకు గుడ్డ కోసే చోట్లే అడిగేవాడు. అవేమో ఊళ్లో ఒక్కోటీ మూతపడుతూ వచ్చాయి. పక్క ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో పడవల మీద కప్పే కాన్వాసు కుట్టే చిన్న షెడ్డు ఒకటుంది. యజమాని పేరు వాల్టర్ గిఫర్డ్. ఎన్నిసార్లు అడిగినా ఖాళీ లేదనేవాడు. అదెలీనో పోయిన ప్రతిసారీ కాసేపు నిలబడి, అక్కడ కుర్రాళ్లు గుడ్డని కత్తెరతో కోస్తుంటే చూసి, మొహం చిట్లించి, వెళ్లిపోయేవాడు. అక్టోబరులో ఒకరోజు అలాగే మొహం చిట్లించుకుని వెనక్కి తిరుగుతుంటే వాల్టర్ పిలిచాడు.

"ఆగవయ్యా. నువ్వొచ్చి వెళ్లిన ప్రతిసారీ నా పనివాళ్లు రెండు రోజులు సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఏం చూస్తావు అలా?"

"గుడ్డ పాడైపోతోంది," అన్నాడు అదెలీనో. "పోగు చూడకుండా కోస్తున్నారు. నీళ్లు పడితే ఒక పక్కకి లాగుతుంది."

వాల్టర్ ఒక కాన్వాసు చుట్టని బల్లమీద దొర్లించి, సుద్దముక్క చేతిలో పెట్టాడు. "చూపించు."

అదెలీనో కోటు విప్పి, గుడ్డమీద అరచెయ్యి పెట్టి, పోగు ఎటు పోతోందో వేలితో తడిమి, గీత గీశాడు. కరెంటు కత్తి లేదు కాబట్టి పెద్ద కత్తెరతోనే కోశాడు. వాల్టర్ ముక్కల అంచులు కలిపి చూసుకున్నాడు. సోమవారం పొద్దున్నే రమ్మన్నాడు.

జీతం మిల్లులో కన్నా తక్కువ. దారి ఎక్కువ. అయినా ఆ సాయంత్రం లూర్దిస్ వీధి వీధంతా వినపడేలా చెల్లెల్ని కేకేసి పిలిచింది. ఒతీలియా పైనుంచే కిటికీ తీసి, తల బయటపెట్టింది.

"ఏంటక్కా?"

"మీ బావకి పని దొరికింది!"

"ఇచ్చిందెవడు పాపం? ఎంత కష్టంలో ఉన్నాడో!" అని అరిచి, కిటికీ దభాలున మూసేసింది. మెట్లమీద ఆమె చెప్పులు టపటపలాడుతూ, ఎప్పుడూ లేనంత వేగంగా, కిందికి దిగొస్తున్న చప్పుడు వినపడింది. అదెలీనో లేచి, ఆమె తలుపు తట్టకముందే తీశాడు.